గెలిచిన ఏడాదే లెక్క అడగాలి

చిన్నోడా,

నువ్వు ఫుట్‌బాల్ అభిమానుల సంఘం పెడుతున్నావని, రిజిస్ట్రేషన్ కాగితాల కోసం తిరుగుతున్నావని వదిన ఫోన్‌లో చెప్పింది. "ఉన్న టెన్షన్లు చాలవా, వీడికెందుకీ లొల్లి" అని ఆమె బాధ. నాకైతే ముందు గర్వంగా అనిపించింది. మీ తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ దిగి, చేతులకున్న గ్రీజు సరిగా కడుక్కోకుండానే మ్యాచ్‌కి పరిగెత్తే మనిషి. ఆ రక్తం ఎక్కడికి పోతుంది! కానీ తర్వాత నువ్వు ఆన్‌లైన్‌లో రాసినవన్నీ మా అమ్మాయి చూపించింది. అప్పటినుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఫోన్‌లో చెబితే సగంలోనే "సరే అత్తమ్మా" అనేసి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు ఒక పని చెయ్. మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ పాత యాజమాన్యం గురించి "డబ్బులు తినేశారు" అని రాశావు చూడు, అది ఈ రోజే తీసెయ్. ఆటగాళ్లకు జీతాలు బకాయి పడ్డారన్నది అందరికీ తెలిసిన విషయం. ఆ బకాయిల కేసుల్లోనే కొత్తవాళ్లను నమోదు చేసుకోకుండా క్లబ్బు మీద ఫిఫా నిషేధం పెట్టింది. ఆ మాట ఎన్నిసార్లు రాసినా నిన్నెవరూ ఏమీ అనలేరు. "తినేశారు" అన్నావంటే మాత్రం దాన్ని నువ్వు రుజువు చేయాలి. చేతిలో కాగితం ఉందా? లేదు. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, రెండేళ్ల దాకా జైలు. రేపు నోటీసు పట్టుకొని ఎవరైనా ఇంటికొస్తే వదిన తట్టుకోగలదా? కోపం వచ్చినప్పుడు మీ నాన్న కూడా ఇలాగే ముందు అనేసి తర్వాత ఆలోచించేవాడు. నీలో అది చూస్తే నాకు భయం.

ఇక మీరంతా పోట్లాడుకుంటున్న తీరు. ఒకడు పాత ఓనర్లదే తప్పంటాడు. ఇంకొకడు 2024లో తీసుకున్న జిందాల్ గ్రూపు మనల్ని మోసం చేసి, 2025లో క్లబ్బును ఢిల్లీకి ఎత్తుకుపోయిందంటాడు. మూడోవాడు స్టేడియం నింపని ఊరికి క్లబ్బు ఎందుకంటాడు. అర్ధరాత్రి దాకా ఇదే. మీలో ఒక్కరైనా ఆ కంపెనీ బ్యాలెన్స్ షీట్ తెరిచి చూశారా? చూసి ఉంటే వాదన ఇలా ఉండదు.

నేను అడిగేది ఇంకొకటి. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ మన ఇంట్లోనే కూర్చొని చూశాం. చివర్లో మన తవోరా గోల్ కొట్టి సమం చేయడం, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి ఒకటి తర్వాత ఒకటి ఆపేయడం, నువ్వు సోఫా మీద నిలబడి ఏడ్వడం, నాకన్నీ గుర్తున్నాయి. నేనూ ఏడ్చాను. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి, రహీం సాబ్ గురించి మా నాన్న చెబుతుంటే విని పెరిగినదాన్ని. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచిందంటే ఆ జట్టుకు రహీం సాబే కోచ్. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరామ్ 1960 రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడని చెప్పేటప్పుడు నాన్న గొంతు మారిపోయేది. అలాంటి ఊరికి ఇన్నేళ్ల తర్వాత ఒక కప్పు వచ్చింది. సరే, ఆ ఏడాది జీతాలు నెలనెలా పడుతున్నాయా అని ఎవరైనా అడిగారా? రెండేళ్లు తిరక్కుండానే ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24 సీజన్ మొత్తంలో ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగున నిలిచాం. అప్పుడు అందరూ గొంతు చించుకున్నారు. ఓడిన జట్టు అభిమాని లెక్క అడిగితే ఓడిన కడుపుమంట అని కొట్టిపారేస్తారు. గెలిచిన ఏడాది అడిగితే వినక తప్పదు, ఎందుకంటే ఆ ఏడాది వాళ్లకు నువ్వు కావాలి, నీ చప్పట్లు కావాలి, స్పాన్సర్‌కి చూపించడానికి నిండిన గ్యాలరీ కావాలి.

ఇప్పుడు నీకు తెలియని ఒక సంగతి. చాలాకాలం దీని గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

నేను బీకాం చదివే రోజుల్లో మా క్వార్టర్స్ దగ్గర ఒక జట్టు ఉండేది. పేరు రాయను. ఒక వ్యాపారి పోషించేవాడు, కార్యదర్శి ఒకాయన నడిపించేవాడు. కుర్రాళ్లకు నెలకు కొంత ఇస్తామని మాట. ఒక ఏడాది మంచి ట్రోఫీ గెలిచారు. లారీ మీద ఊరేగింపు, బ్యాండు, దండలు. ఆ లారీ మీద నిలబడ్డ కుర్రాళ్లలో సగంమందికి అప్పటికే నెలల తరబడి పైసా అందలేదు. ఎవరూ అడగలేదు. మరుసటి ఏడాది ఓటములు మొదలయ్యాక అడిగారు. హోటల్లో చాయ్ తాగుతూ ఒకరు కోచ్‌ని తిట్టేవారు, ఒకరు సెలెక్షన్‌ని తిట్టేవారు.

మా వరసలోనే ఉండే ఒక ఫిట్టర్ అన్న ఈ విషయం భుజాన వేసుకున్నాడు. అంత నిజాయితీపరుణ్ణి నేను మళ్లీ చూడలేదు. జీతాల రోజు వర్క్‌షాప్ గేటు దగ్గర నిలబడి రుమాలు పట్టాడు. జనం బాగానే వేశారు. రసీదు పుస్తకం అచ్చు వేయించమని మీ తాత చెప్పాడు. "మనోళ్ల దగ్గర రసీదు ఏంది బాపూ, నమ్మకం లేదా" అన్నాడు. డబ్బు ఇంట్లో ట్రంకు పెట్టెలో పెట్టాడు. గోల్‌కీపర్ తల్లికి ఆపరేషన్ అంటే అందులోంచి తీసి ఇచ్చాడు, రాసుకోలేదు. బూట్లు చిరిగిన పిల్లాడికి బూట్లు కొన్నాడు, రాసుకోలేదు. తన జీతంలోంచి కూడా వేశాడు, అదీ రాసుకోలేదు. తర్వాత ఒక కరపత్రం సైక్లోస్టైల్ చేయించి పంచాడు. కార్యదర్శి పేరు పెట్టి, జట్టు డబ్బు ఇల్లు కట్టుకోవడానికి వాడుకున్నాడని రాయించాడు.

కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెట్టారు. ఆడవాళ్లం వెనక వరసలో కూర్చున్నాం. కార్యదర్శి ఒక్క మాట గట్టిగా మాట్లాడలేదు. "నా లెక్క తప్పకుండా చెబుతాను. ముందు నీ దగ్గర ఎంత వసూలైందో చెప్పు" అన్నాడు. అన్న ఒక అంకె చెప్పాడు. అంతకంటే ఎక్కువే అయి ఉంటుందని ఎవరో అన్నారు. నేనే ఇంత ఇచ్చాను కదా అని ఇంకొకరు లేచారు. ఖర్చు ఎంత అంటే గుర్తు తెచ్చుకుంటూ వేళ్లు లెక్కపెట్టాడు. అన్నీ కలిపితే సరిపోలేదు. ఎలా సరిపోతుంది, రాసుకోనిది? పది నిమిషాల్లో హాలంతా తిరగబడింది. కుర్రాళ్ల జీతాల మాట మళ్లీ రాలేదు. కార్యదర్శి తన లెక్క చెప్పనే లేదు. చెప్పమని అడిగేవాళ్లు కూడా లేరు. ఆ పై సీజన్ లీగ్‌లో ఆ జట్టు పేరు లేదు. అన్న గేటు దారిన రావడం మానేశాడు. కొన్నాళ్లకు బదిలీ పెట్టుకొని కాజీపేట వెళ్లిపోయాడు. వెళ్లేముందు మా ఇంటికి వచ్చి నాన్న ముందు ఏమీ మాట్లాడకుండా చాలాసేపు కూర్చున్నాడు. అమ్మ పెట్టిన అన్నం కూడా తినలేదు.

నేను సహకార శాఖలో ఆడిటర్‌గా పాల సొసైటీలు, చేనేత సొసైటీలు ఎన్నో చూశాను. దొంగలు ఉంటారు, కాదనను. కానీ రాసుకోని మంచివాళ్ల వల్ల మునిగిన సొసైటీలను చూసినప్పుడే నాకు ఎక్కువ కడుపు తరుక్కుపోయేది. అందుకే చెబుతున్నాను, నీ ఫోన్‌పే నంబర్‌కి ఒక్క రూపాయి కూడా తెప్పించుకోకు. ఇప్పటికే "జెర్సీల కోసం" అని వేయించుకున్నావట. వాళ్ల పేర్లు, మొత్తాలు ఈ రాత్రే కాగితం మీద పెట్టు. ఏడుగురు సభ్యులుంటే 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయొచ్చు. సంఘం పేరున బ్యాంకు ఖాతా తెరవండి, ఇద్దరి సంతకాలు ఉండాలి. ప్రతి నెలా జమాఖర్చు అందరికీ పంపండి, తక్కువ ఉన్నా సరే.

ఆ తర్వాతే వాళ్ల లెక్కల జోలికి వెళ్లు. దానికి అరవాల్సిన పని లేదు. క్లబ్బు ఒక కంపెనీ. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వంద రూపాయలు కడితే అది దాఖలు చేసిన కాగితాలు చూడొచ్చు. లాభనష్టాల అంకె దగ్గరే ఆగిపోకు. మన దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బులకు నష్టాలు మామూలే. టికెట్లు, స్పాన్సర్లు, లీగ్ నుంచి వచ్చే వాటా కలిపినా జీతాలు, ప్రయాణాలు, ఫ్రాంచైజీ ఖర్చు దాటవు. మిగతాది ఓనర్ జేబులోంచి రావాలి. ఆ జేబు ఎంతకాలం ఉంటుందో తెలియాలంటే ఆడిటర్ నివేదిక చదువు. సంస్థ కొనసాగగలదా అన్నదాని మీద ఆడిటర్ అనుమానం రాశాడా? టీడీఎస్, పీఎఫ్ బాకీ ఉన్నాయా? డైరెక్టర్లు పెట్టింది వాటా ధనమా, అప్పా? అప్పయితే ఏ రోజైనా వెనక్కి అడగొచ్చు. అసలు లెక్కలు గడువులో దాఖలు చేశారా? నా అనుభవంలో ఆలస్యమే మొదటి లక్షణం. స్టేడియం అద్దె గురించి అయితే గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిది, పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తు చాలు.

తప్పంతా ఒక్క ఓనర్ మీదే పెట్టకు. లీగ్‌ని నడిపిన ఒప్పందం 2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్ఎఫ్) ఒక వాణిజ్య భాగస్వామితో చేసుకున్నది, 15 ఏళ్లకు 700 కోట్లు. 2025 డిసెంబర్‌తో అది ముగిసింది. అది ముగియబోతుండగా కొత్త టెండర్ పిలిస్తే ఒక్కరూ ముందుకు రాలేదు. ఈ గుంటలోనే అప్పుడు క్లబ్బులన్నీ పడ్డాయి. ఇది తెలియకుండా మాట్లాడితే నీకంటే తెలిసినవాడు ఒక్క ప్రశ్నతో నీ నోరు మూయిస్తాడు. ఆ హాల్లో అన్న ముఖం నీ ముఖంలో చూడలేను నేను.

నువ్వు ఇంగ్లండ్ క్లబ్బు పోర్ట్స్‌మత్ పేరు పదేపదే రాస్తున్నావు. అక్కడి అభిమానులు 2013లో షేర్లు కొని క్లబ్బును కాపాడుకున్నారు, నిజం. 2017లో అమ్మేముందు అప్పుల్లేకుండా నిలబెట్టారు, అదీ నిజం, గొప్ప సంగతి. కానీ వాళ్ల చేతికి వచ్చిన దాంట్లో ఫ్రాటన్ పార్క్ మైదానం ఉంది, వందేళ్లకు పైగా ఆ ఊళ్లో పాతుకున్న పేరు ఉంది. మన దగ్గర మైదానం ప్రభుత్వానిది, లీగ్‌లో స్థానం ఫ్రాంచైజీ. దాన్ని విమానం ఎక్కించి ఢిల్లీలో దించొచ్చు, దించారు కూడా. 2019లో అది మనకు వచ్చింది కూడా ఇలాగే కదా, పుణె సిటీ క్లబ్బు మూతపడితే దాని స్థానంలో. అప్పుడు పుణెలో నీలాంటి పిల్లలు ఎంత ఏడ్చారో మనం ఆలోచించలేదు. మీ సంఘం మొదటి ఉత్తరం వాళ్లకు రాస్తే నాకు చాలా ఇష్టం. తర్వాత వచ్చే ఓనర్‌ని అడగాల్సింది షేర్లు కాదు. ఊరు మార్చే ముందు, పేరు మార్చే ముందు అభిమానుల సంఘాన్ని సంప్రదిస్తామని రాతపూర్వకంగా ఇమ్మను. ఇవ్వకపోతే ఇవ్వలేదని ఊరంతటికీ చెప్పు. ఈలోగా శ్రీనిధి దక్కన్ ఇక్కడే ఆడుతోంది, కింది శ్రేణి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్‌లో వరసగా రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది. వాళ్ల మ్యాచ్‌లకు మీలో ఎంతమంది వెళ్తున్నారు?

ఇంకొక్క మాట. జీతం అందకపోతే విదేశీ ఆటగాడు ఫిఫాకు వెళ్తాడు. మన ఆటగాడికి ఏఐఎఫ్ఎఫ్ ఉంది. జెర్సీలు ఉతికేవాడు, బస్సు నడిపేవాడు, పిల్లల జట్టుకు వంట చేసేవాడు ఎక్కడికి వెళ్లాలి? మీ పోస్టుల్లో స్ట్రైకర్ బకాయి ఉంది, కోచ్ బకాయి ఉంది, వీళ్ల పేరు ఒక్కచోట కూడా లేదు. మీ ప్రశ్నల జాబితాలో వాళ్లను పైన పెట్టండి. వాళ్లను వెతికి పట్టుకొని, ఎవరికి ఎంత రావాలో రాసుకోండి. వాళ్లు ఒప్పుకుంటేనే బయట పెట్టండి.

ఆదివారం సంఘం నియమాల (బైలాస్) డ్రాఫ్ట్ పట్టుకొని ఇంటికి రా, ఎర్ర పెన్నుతో కూర్చుంటాను. నువ్వు అధ్యక్షుడివైతే ఖజాంచి నీ స్నేహితుడు కాకూడదు, నీతో వాదించే మనిషి కావాలి. ఆన్‌లైన్‌లో నిన్ను రోజూ ఎదిరించే ఆ మల్కాజిగిరి అమ్మాయి అకౌంట్స్ చదివిందట కదా, ఆమెను అడుగు. వదినతో నేను మాట్లాడతాను. రాత్రి పదకొండుకల్లా ఫోన్ పక్కన పెడతావని ఆమెకు నీ తరఫున మాట ఇస్తున్నాను. వచ్చేటప్పుడు ఆ జెర్సీ డబ్బుల కాగితం మర్చిపోకు.

మీ
అత్తమ్మ