బీపీ పట్టీ చూస్తేనే దడ పుట్టే బిడ్డకు

బిడ్డా,

మొన్న బతుకమ్మకు వచ్చినప్పుడు టీపాయ్ మీద నా బీపీ మిషన్ కనబడగానే, "పెద్దమ్మా, సత్తుపిండికి నువ్వులు వేయించాలా" అనుకుంటూ వంటింట్లోకి మాయమయ్యావు. నేను చూశాను. కిందటేడు ఎవరో ప్రైవేటు డాక్టరు దగ్గర 164/100 వచ్చిందట, అప్పటి నుంచి మళ్లీ చేతికి పట్టీ కట్టించుకోలేదట. అల్లుడే చెప్పాడు. అతన్ని తిట్టకు, నేనే అడిగాను.

భయపడొద్దని నీకు చెప్పను. ఆ మాట నాకూ చాలామంది చెప్పారు, ఒక్కరి మాటా పనిచేయలేదు. కాజీపేటలో ఇంజన్ ఎక్కి ముప్పై ఏండ్లకు పైగా బండ్లు నడిపినవాణ్ని. అర్ధరాత్రి వానలో సిగ్నల్ కనబడకపోయినా చెయ్యి వణకలేదు కానీ, పట్టీ బిగుసుకుంటుంటే చెవుల్లో గుండె చప్పుడు వినబడేది. మాకు నలభై అయిదు దాటాక రెండేండ్లకోసారి, యాభై అయిదు దాటాక ఏటేటా మెడికల్. అందులో అన్‌ఫిట్ అంటే ఇంజన్ దిగాలి, రన్నింగ్ అలవెన్సు పోతుంది. మిషన్‌లో పాదరసం పైకి పోతుంటే నాకు అందులో మీ అన్న ఇంజనీరింగ్ ఫీజు కనబడేది.

నలభై ఏడో ఏట రాత్రంతా నిద్రలేదు. పొద్దున మూడు చాయ్‌లు తాగి వరుసలో నిలబడ్డాను. 168. పెద్దాయన డాక్టరు కాగితం మీద ఏమీ రాయలేదు. "ముందు బాత్రూమ్‌కి పో. తర్వాత ఆ వేపచెట్టు కింద గంటసేపు కూర్చో, మళ్లీ చాయ్ తాగావంటే చూడు" అన్నాడు. గంట తర్వాత 136. మనిషి అదే, చెయ్యి అదే.

దీన్ని తెల్లకోటు బీపీ అంటారు. భయపడితే ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది, గుండె గబగబా కొట్టుకుంటుంది, రక్తనాళాలు బిగుస్తాయి, అంకె పెరుగుతుంది. పెరిగిన అంకె చూసి ఇంకా భయం. కుక్క తరుముతుంటే పెరగాల్సిన బీపీ, నర్సమ్మను చూసి పెరుగుతుందన్నమాట.

మా ఇంజన్‌లోనూ బీపీ ఉంటుంది, తెలుసా? బ్రేక్ పైపు, బ్రేకులకు గాలి పోయే గొట్టం. డ్రైవర్లం పొద్దస్తమానం "బీపీ ఎంతుంది" అనే అడుగుతుంటాం. గాలి ఒత్తిడి చూపే ముల్లు అయిదు కిలోల దగ్గర నిలబడాలి. యాభై ఎనిమిది వ్యాగన్ల బొగ్గు బండికి బ్రేకు వేసి వదిలాక చివరి డబ్బా దాకా గాలి నిండడానికి టైం పడుతుంది. ముల్లు కదులుతుండగా చూసి బండి చెడిపోయిందని ఎవరూ రాయరు. నిలబడ్డాక చూస్తారు. ఒంటికీ అంతే, ఆ అయిదు నిమిషాలు ఇవ్వాలి.

నీకు ఆ రోజు ఎలా చూశారో కూడా అల్లుడు చెప్పాడు. రెండో అంతస్తు మెట్లెక్కి వెళ్లగానే, వీపుకు ఆనుడు లేని స్టూల్ మీద కూర్చోబెట్టి, చుడీదార్ చెయ్యి మీదనే పట్టీ చుట్టి, మధ్యలో వయసెంత, పిల్లలెందరు అని అడుగుతూ! నాకైతే ఒళ్లు మండింది. మాట్లాడితేనే పది దాకా పెరగొచ్చు. చెయ్యి గాలిలో వేలాడినా, కాలు మీద కాలు వేసుకున్నా, పట్టీ చిన్నదైనా ఎక్కువే చూపిస్తుంది. ఆ 164ను నేను పూర్తిగా నమ్మను. అట్లాగని కొట్టిపారేయను కూడా. ఎందుకో తర్వాత చెప్తాను.

నా మిషన్ నీకు పంపుతున్నాను, నేను ఇంకోటి కొనుక్కుంటాను. మణికట్టుది కాదు, జబ్బకు కట్టేది. జాకెట్లు కుట్టే టేపుతో నీ జబ్బ మధ్యన కొలిచి చూసుకో, పట్టీ మీద రాసి ఉన్న కొలతలో పడాలి. పొద్దున లేచి బాత్రూమ్‌కి పోయి వచ్చాక, చాయ్ కంటే ముందు, వీపు కుర్చీకి ఆనించి, రెండు పాదాలూ నేలమీద పెట్టి, చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తున ఉంచి అయిదు నిమిషాలు కూర్చో. ఫోన్ వేరే గదిలో. రెండుసార్లు చూడు, మధ్యలో ఒక నిమిషం. సాయంత్రం మళ్లీ అట్లనే. ఏడు రోజులు రాయి. మొదటి రోజుది తీసెయ్, అది ఎట్లాగూ టెన్షన్ రోజే. మిగతావాటి సగటు 135/85 లోపు ఉంటే నీది చాలావరకు తెల్లకోటు సంగతే. ఇంట్లో లెక్క అది, దవాఖానలో అయితే 140/90. అప్పటికీ అనుమానం ఉంటే ఇరవై నాలుగు గంటల మిషన్ కడతారు, నిద్రలో కూడా అదే చూసుకుంటుంది.

రోజుకు నాలుగుసార్లే సుమా. రిటైరైన కొత్తలో నేను ఒక రాత్రి పదకొండుసార్లు చూసుకున్నాను. 138, 144, 151... ప్రతిసారీ "ఇప్పుడైనా తగ్గిందా" అని. చివరికి మీ పెద్దమ్మ లేచి వచ్చి, ఒక్క మాట అనకుండా బ్యాటరీలు ఊడదీసి పోపుడబ్బాలో దాచింది. పొద్దున జీలకర్ర వాసనతో దొరికాయి. ఆ రోజు 132.

ఇక ఆ 164 సంగతి. మీ బాపుకు పక్షవాతం వచ్చి మూతి వంకర పోయిన రోజు నువ్వు డిగ్రీలో ఉన్నావు. నీ భయం అక్కడి నుంచే వచ్చిందని నాకు తెలుసు, మిషన్ చూస్తే నీకు ఆ మంచం కనబడుతుంది. కానీ బిడ్డా, వాడిని పడగొట్టింది పట్టీ కాదు. వాడు అప్పటిదాకా ఒక్కసారి కూడా పట్టీ కట్టించుకోలేదు. తలనొప్పి లేదు, తిమ్మిరి లేదు, "నాకేం రోగం" అనేవాడు. బీపీ చాలామందిలో చప్పుడు చేయదు. అది మన ఇంట్లో ఉంది కాబట్టి, భయం వల్లనే పెరిగిందిలే అని నువ్వు ఏడాదిపాటు ఊరుకోవడం నాకు నచ్చలేదు. తెల్లకోటు బీపీ ఉన్నవాళ్లలో కొందరికి తర్వాత అసలుది వస్తుంది, అందుకే ఈసారి బాగున్నా ఏటా చూపించుకోవాలి. సగటు ఎక్కువే వస్తే డాక్టరు దగ్గరికి పో. గోలీ రాస్తే వేసుకో. నేను పన్నెండేండ్లుగా వేసుకుంటున్నాను, పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తూనే ఉన్నాను. పక్కింటివాళ్ల గోలీ మాత్రం ముట్టకు. తొక్కులో ఉప్పు గురించి ఇక్కడ రాయను, మీ పెద్దమ్మ ఈ ఉత్తరం చదువుతుంది.

ఎప్పుడైనా 180/120 దాటితే అయిదు నిమిషాలాగి మళ్లీ చూడు. మళ్లీ అంతే ఉంటే ఆ రోజే డాక్టరుకు చెప్పు. దానితో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, ఏదున్నా ఆగడం లేదు, వెంటనే 108.

వారం అయ్యాక ఆ కాగితం తీసుకొని మీ ఊరి పల్లె దవాఖానకు పో. కూర్చోగానే సిస్టర్‌తో చెప్పెయ్: "అక్కా, నాకు బీపీ చూస్తారంటేనే టెన్షన్. అంకె గట్టిగా చదవకండి, రాసివ్వండి." ఇందులో సిగ్గేం లేదు, వాళ్లకు రోజూ ఇద్దరు ముగ్గురు తగులుతూనే ఉంటారు. పట్టీ కట్టకముందు ఆ అయిదు నిమిషాలు నేనేం చేసేవాణ్నో చెప్తా. మెల్లగా గాలి వదులుతూ, ఒక్కో ఊపిరికి ఒక్కో స్టేషన్ మనసులో అనుకునేవాణ్ని. హసన్‌పర్తి... ఉప్పల్... జమ్మికుంట... పోత్కపల్లి... ఓదెల... పెద్దపల్లి దాటేసరికి భుజాలు కిందికి జారేవి. నీకు స్టేషన్లు రావు, బతుకమ్మ పూలు పేర్చుకో. తంగేడు, గునుగు, కట్ల, బంతి. పళ్లెం నిండేదాకా తొందరేం లేదు.

మిషన్ డబ్బాలో నాలుగు కొత్త సెల్లులు వేరే కవర్‌లో పెట్టాను. పాతవి ఇంకా జీలకర్ర వాసన వస్తున్నాయి.

మీ పెద్దబాపు,
హనుమకొండ