సందేహాలు – సమాధానాలు: గడ్డా, తిత్తా?

సందేహం: మా చిన్నాయనకు 46 ఏళ్లు. ఏడాదిగా వచ్చిపోయే కడుపునొప్పికి తిరుపతిలో స్కానింగ్ తీసి ఆపరేషన్ చేశారు. డిశ్చార్జి కాగితంలో ‘ఎంటెరిక్ డూప్లికేషన్ సిస్ట్’ అని ఉంది. మా అబ్బాయి ఫోన్లో తెలుగు చేస్తే ‘నకిలీ పేగు తిత్తి’ అని వచ్చింది. ఇంట్లో అందరూ ‘గడ్డ’ అంటున్నారు. ఏది సరి? ఈ వయసులో బయటపడినదాన్ని పుట్టుకతో వచ్చిందని ఎలా అంటారు?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అమ్మా, ఫోను చెప్పిన మూడు మాటల్లో పేగూ తిత్తీ సరైనవే. తిత్తి మన సొంత మాట. తోలుసంచి దాని మొదటి అర్థం. కన్నడిగులు కొలిమితిత్తిని ‘తిది’ అంటారు. చంద్రగిరి పక్కన మా ఊళ్లో, చిన్నప్పుడు మడకకర్రు కాల్పించుకు రమ్మని నన్ను కొలిమికి పంపేవారు. ఆచారి తాడు లాగితే మేకతోలు తిత్తి నిండుగా ఉబ్బేది. వదిలితే ముడతలుపడి బుస్సుమని ఊదేది, బొగ్గులు ఎర్రబడేవి. అది చూసినవాళ్లకు ఊపిరితిత్తి అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. వీధిభాగవతుల వెనక శ్రుతి పట్టే తోలువాద్యమూ తిత్తే, డబ్బులు దాచుకునే సంచీ తిత్తే. ‘తిత్తి తీస్తా’ అనే బెదిరింపు వేరే సంగతి.

చుట్టూ గోడ, లోపల బోలు, ఆ బోలులో గాలో నీరో ఉంటే తిత్తి. మీ చిన్నాయన కడుపులోదీ అంతే: గోడ ఉంది, లోపల ద్రవం ఉంది. గడ్డ అలా కాదు. మన జిల్లాలో ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉర్లగడ్డ అంటాం, ఏది కోసినా లోపలంతా కండే. వేలూరు ఆసుపత్రులకు వెళ్లే మనవాళ్లు అక్కడ వినే తమిళమాట ‘కట్టి’ కూడా ఈ గట్టి ముద్దే. అయితే చీముగడ్డ అనే వాడుక ఉంది కాబట్టి ఇంట్లోవాళ్లది తప్పని కొట్టిపారేయను. ‘కణితి’ మాత్రం వద్దు. ఇప్పుడు ఆ మాట వింటే జనం క్యాన్సరే అనుకుంటారు.

ఇక ‘డూప్లికేషన్’కు ఫోను పెట్టిన మాట ‘నకిలీ’. నకలు అరబ్బీ మాట. తహసీల్దారు ఆఫీసులో నకలు తీసుకుంటే అది మర్యాదైన కాగితమే, నకిలీ అంటే మోసం. ఈ తిత్తిలో మోసమేమీ లేదు, ఇక్కడ డూప్లికేషన్ అంటే ఒకటి జంట కావడమే. దాని గోడలో పేగుకుండే కండరమే ఉంటుంది, లోపల జీర్ణనాళపు పొరే ఉంటుంది. స్కానింగులో ఆ రెండు పొరలూ కనిపిస్తే డాక్టర్లకు అనుమానం వస్తుంది. ఒకే తొక్కలో రెండు పండ్లున్న జంట అరటిపండును తలచుకోండి. పేగూ తిత్తీ చాలాసార్లు అలాగే ఒకే గోడను, ఒకే నెత్తుటి దారిని పంచుకుంటాయి. అందుకే తిత్తినొక్కదాన్నే ఒలవడం కుదరక, ఆనుకున్న పేగుముక్కతో సహా కోసి, రెండు కొసలూ కలిపి కుడతారు. కాబట్టి ‘జంటపేగు తిత్తి’ అంటాను. ఫోను చెప్పింది కదా అని నకిలీ మాటను మనిషి కడుపుకు అంటగట్టడం తగదు. పెద్దవాళ్లను అడిగే ఓపిక పిల్లలకు ఉండాలి.

పుట్టుక సంగతి తేలిక. పుట్టుమచ్చను ఏ వయసులో చూసుకున్నా అది పుట్టుమచ్చే. ఈ తిత్తులు ఎక్కువగా రెండేళ్లలోపే బయటపడతాయి. కొన్ని మాత్రం నొప్పో, రక్తస్రావమో, పేగు అడ్డుపడటమో జరిగేదాకా ఉలకవు, పలకవు. పత్రికలవాళ్లు దీన్ని ‘వంశపారంపర్యం’ అని రాస్తుంటే నాకు కోపం వస్తుంది. పుట్టుకతో రావడం వేరు, తాతతండ్రుల నుంచి రావడం వేరు. ‘పుట్టుతిత్తి’ అంటే చక్కగా సరిపోతుంది.

పెద్దవాళ్లలో అరుదుగా ఇలాంటి తిత్తిలో క్యాన్సర్ పుట్టిన సందర్భాలున్నాయి. అందుకే తీసిన ముక్కను పరీక్షకు పంపుతారు. సూక్ష్మదర్శిని కింద చూసేదాకా డాక్టర్లే పేరు ఖాయం చేయరు, నేనూ చేయను. ఆ కాగితం వచ్చాక అందులో ఏం రాశారో చూసి నాకు మళ్లీ రాయండి.