ఆపే కణాలు చూపును ఎలా నిలుపుతాయి?

మీరు అడిగినవి రెండు. మెదడులో అణిచే పని చేసే కణాలు ఉంటాయని చదివారు. ఆపేవి చూడడానికి ఎలా తోడ్పడతాయన్నది మొదటిది. అలాగైతే ఆ కణాలు వదిలే గాబా అనే రసాయనాన్ని పెంచే మాత్రలు వేసుకుంటే చదువు మీద చూపు నిలుస్తుందా అన్నది రెండోది. చిత్తూరులో జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను కాబట్టి కణాల సంగతి కొంత తెలుసు. కానీ ఈ విషయం నాకు నిజంగా బోధపడింది తరగతి గదిలో కాదు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో.

తిరుపతిలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో రెండు వేసవులు అక్కడ కూలికి వెళ్లాను. మాగబెట్టి కడిగిన తోతాపురి పండ్లు బెల్టు మీద వస్తుంటే కుళ్లినవి, మచ్చ పడినవి ఏరి పక్క గంపలో వేయాలి. తొలిరోజు ప్రతి పండునూ చూడబోయాను. గంట గడవకముందే కళ్లు బైర్లు కమ్మాయి. కుళ్లిన పండ్లు నా ముందు నుంచే దర్జాగా దాటిపోయాయి. పక్కన నిలబడిన పెద్దావిడ నవ్వి, "మంచి పండును చూడొద్దు నాయనా. మచ్చను మనసులో పెట్టుకో, అదే కంటికి తగులుతుంది" అంది.

మూడో రోజుకు అదే జరిగింది. పసుపు పండ్లన్నీ కలిసి ఒక మసక ప్రవాహంలా పోతున్నాయి. తొడిమ దగ్గర నల్లమచ్చ ఉన్నది మాత్రం ఎవరో వేలు పెట్టి చూపినట్టు కనబడుతోంది. ఆ వారంలోనే నీలం పట్టీల రబ్బరు చెప్పు ఒకటి మా ముగ్గురి ముందు నుంచి సాగిపోయి కోత బల్ల దాకా చేరింది. ఎవరమూ చూడలేదు! కళ్లు తెరుచుకునే ఉన్నాయి, చెప్పు మా చేతులకు జానెడు దూరంలోనే పోయింది.

1999లో సైమన్స్, చాబ్రిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటిదే చేసి చూపారు. తెల్ల చొక్కాల వాళ్లు బంతిని ఎన్నిసార్లు విసురుకున్నారో లెక్కపెట్టమంటే, ఆ వీడియో చూసినవాళ్లలో సుమారు సగం మంది మధ్యలోంచి గొరిల్లా వేషంలో నడిచి వెళ్లిన మనిషిని గమనించనే లేదు.

అంటే ఒకదాన్ని చూడడంలో మిగతావాటిని అణచడం కూడా కలిసే ఉంది. మెదడు పైపొరలో నూటికి ఎనభై దాకా పక్క కణాన్ని ప్రేరేపించే నాడీకణాలు. మిగిలిన ఇరవై చిల్లర గాబా అనే రసాయనాన్ని వదిలి పక్కవాటిని అణిచేవి. ఈ ఇరవైనీ ఒకే గాటన కట్టడంతోనే చిక్కంతా వస్తుంది. ఎవరు ఎక్కడ పట్టుకుంటారన్నది ముఖ్యం.

ఈ అణిచేవాటిలో మొదటి రకం పార్వాల్బ్యూమిన్ కణాలు. ఇవి ఎదుటి కణం మొండేన్నే పట్టుకుంటాయి. సంకేతం బయటికి పోవాలా వద్దా, పోతే ఏ క్షణాన పోవాలి అన్నది తేలేది అక్కడే. వీటి వేగమూ ఎక్కువే; సెకనుకు వందల సార్లు స్పందించగలవు. రెండో రకం, సొమాటోస్టాటిన్ కణాలు, అంత దూకుడువి కావు. ఇవి ఎదుటి కణం కొమ్మల చివర్లలో, అంటే కబురు వచ్చి చేరే చోట, అడ్డు నిలుస్తాయి. చుట్టుపక్కల విశాలమైన మేరలో ఒకే రకం దృశ్యం పరుచుకుని ఉంటే ఇవి మేల్కొని మధ్యలోని స్పందనను తగ్గిస్తాయని 2012లో ఎలుకల మీద తేలింది. అది చదివినప్పుడు నాకు ఆ పసుపు ప్రవాహమే గుర్తొచ్చింది.

మూడో రకం పేరు మన తిరుపతి వాళ్లకు నవ్వు తెప్పిస్తుంది: వీఐపీ కణాలు. పేగులో మొదట దొరికిన ఒక పదార్థం పేరులోని పొడి అక్షరాలవి, హోదాతో సంబంధం లేదు. కొండ మీద వీఐపీ వస్తే మామూలు వరుస ఆగుతుంది. ఇక్కడ తిరకాసు. ఈ వీఐపీ ముఖ్యంగా సొమాటోస్టాటిన్ కణాలను, అంటే వరుసను ఆపే కాపలాదారునే పక్కకు నెడుతుంది. దాంతో వరుస కదులుతుంది. అణిచేదాన్ని అణిస్తే స్పందన పెరుగుతుందన్నమాట.

2014లో ఎలుకల మెదడు ముందుభాగం నుంచి చూపు ప్రాంతానికి వచ్చే తీగలను ఉత్తేజపరిస్తే మధ్య స్పందన పెరిగి చుట్టూ తగ్గింది. మధ్యన పెంచడంలో వీఐపీ కణాలది, చుట్టూ తగ్గించడంలో మిగతా రెండు రకాలది చేయి ఉందని తేలింది. ఇక్కడితో ఆగితే ఎంత బాగుంటుంది! వీఐపీయే ధ్యాసకు తాళంచెవి అని చాలామంది రాసేస్తున్నారు. నేను ఒప్పుకోను. ఎలుక ఊరికే పరుగెత్తినా, చీకట్లోనైనా, ఈ కణాలు చురుకవుతాయి. అది ఒళ్లు మేల్కొనడమే తప్ప ఒక వస్తువు మీద ధ్యాస పెట్టడం కాదు. పైగా 2024లో వెలువడిన ఒక పరిశోధనలో వీఐపీ కణాలను ఉత్తేజపరచడం, ఎలుక ధ్యాస పెట్టడం రెండూ ఒకదానితో ఒకటి ముడిపడకుండా వేర్వేరు దారుల్లో పనిచేశాయి.

ఇక మాత్రలు. బెంజోడయాజెపైన్ జాతి మందులు గాబా ప్రభావాన్ని పెంచే మాట నిజమే. కానీ ఏ కణం ఎక్కడ, ఏ క్షణాన పట్టుకోవాలన్నది వాటికి పట్టదు, మెదడంతటా ఒకేలా పెంచుతాయి. మిగిలేది మగత. బెల్టు వేగం తగ్గించడానికి ఊరి కరెంటే తీసేసినట్టు. ఏకాగ్రత కోసం వాటి జోలికి పోకండి. డాక్టరు రాయగా ఇప్పటికే వాడుతున్నవారైతే సొంతంగా ఒక్కసారిగా మానొద్దు, అదీ ప్రమాదమే.

చదువు గురించి అడిగారు కాబట్టి ఒక మాట. రాడార్ కాపలాదారుల కోసం చేసిన పరీక్షల్లో మొదటి అరగంట తర్వాత పట్టు సడలుతుందని మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1948లోనే చూపాడు. ఆ పేరు వినకపోయినా మా మేస్త్రీ అరగంటకొకసారి మమ్మల్ని బెల్టు దగ్గర నుంచి గంపలు మోసే పనికి మార్చేవాడు. చెప్పు దాటిపోయిన రోజు ఆయన సెలవులో ఉన్నాడు, పొద్దుటి నుంచి మేం కదల్లేదు. అందుకే దాన్ని పూర్తిగా గొరిల్లా ఖాతాలో వేయలేకపోతున్నాను.