‘ఉండేవారు’ కాదమ్మా, ‘ఉన్నారు’

అమ్మా, ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఈ ఏడు సోషల్ నీకే ఇచ్చారని, ఆదివాసుల యూనిట్ ఎలా మొదలుపెట్టాలో తోచక టెన్షన్ పడుతున్నావని రాశావు. నేను ముప్పై రెండేళ్లు ఆ పాఠాలు చెప్పాను. మొదటి పదేళ్లూ తప్పుగానే చెప్పాను. ఆ తప్పు నీతో జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒకరోజు ఏడో తరగతిలో ‘ఆదివాసుల జీవన విధానం’ అని బోర్డు మీద రాసి చెప్పుకుంటూ పోతున్నాను. అడవుల్లో ఉండేవారు, వేటాడేవారు, కొండలను పూజించేవారు... చివరి బెంచీలో ఒక పిల్లవాడు తలెత్తకుండా నోట్సులో గీతలు గీస్తూ కూర్చున్నాడు. గంట కొట్టాక నా బల్ల దగ్గరికి వచ్చి, “మాష్టారూ, మా తాత ఇంకా ఉన్నాడు” అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బతికున్న మనిషిని ఒక్క క్రియాపదంతో చరిత్రలో కలిపేశానే అనిపించింది.

అందుకని, పాఠం చెప్పే ముందు పెన్సిల్ పట్టుకుని ‘ఉండేవారు, చేసేవారు’ అన్నవాటి కింద గీత గియ్యి. ఏది నిజంగా గతం, ఏది ఇవాళ్టికీ నడుస్తున్నది అని ఒక్కోదాన్నీ చూసుకో. సగానికి సగం మార్చాల్సి వస్తుంది. పేర్లూ అంతే. ఉత్తర ఐరోపాలో సామి ప్రజలను బయటివాళ్లు ‘లాప్’ అన్నారు, అది వాళ్లకు అవమానం. ఉత్తర అమెరికాలో ఇరొక్వా అని పుస్తకాలు రాసేవాళ్లు తమను తాము హోడెనోషోనీ అంటారు, పొడవైన ఇంటి మనుషులని అర్థం. తమను తాము ఏమని పిలుచుకుంటారో ఆ పేరుతోనే పిలవమని పిల్లలకు మొదటి రోజే చెప్పు.

ఇక అసలు పాఠం. న్యూజిలాండ్‌తో మొదలుపెట్టమని నా సలహా. 1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ రాణి ప్రతినిధులకూ అక్కడి ఆదివాసులైన మావోరీల పెద్దలకూ మధ్య వైటాంగి ఒప్పందం జరిగింది. ఇంగ్లీషు ప్రతిని ఒక మిషనరీ, ఆయన కొడుకు కలిసి ఒక్క రాత్రిలో మావోరీలోకి మార్చారు. ఇంగ్లీషులో పెద్దలు తమ సార్వభౌమాధికారాన్ని రాణికి వదులుకుంటున్నారని ఉంది. మావోరీ ప్రతిలో ఆ చోట ‘కావనతంగ’ అని ఉంది, అంటే పాలన చూసుకోవడం. పైగా తమ నేల మీదా ఊళ్ల మీదా తమ పెద్దరికం తమకే ఉంటుందని అందులో రాసుకున్నారు. మొత్తం మీద సంతకాలు పెట్టిన పెద్దలు ఐదు వందల మందికి పైనే. వాళ్లలో చాలా చాలా మంది పెట్టింది మావోరీ ప్రతి మీద.

ఇది నువ్వు చెప్పకు, క్లాసు చేత చేయించు. పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఇంగ్లీషు ప్రతి సారాంశం, రెండో జట్టుకు మావోరీ ప్రతి సారాంశం తెలుగులో రాసివ్వు. రెండూ ఒకే కాగితమని ముందే చెప్పకు. తర్వాత ఇద్దరినీ ఒకటే ప్రశ్న అడుగు: “ఇక మీదట ఈ నేల మీద ఆఖరి మాట ఎవరిది?” జవాబులు కలవవు. గొడవ పడతారు, పడనీ. నేను చేయించినప్పుడు ఒక అమ్మాయి లేచి, “అయితే వాళ్లు దేనికి ఒప్పుకున్నట్టు మాష్టారూ?” అని అడిగింది. సోషల్ మొత్తం ఆ ప్రశ్నలోనే ఉందమ్మా. అక్కడ ఆపకుండా, ఈ గొడవ తేల్చడానికి 1975లో వైటాంగి ట్రిబ్యునల్ పెట్టారని, అది ఇప్పటికీ పనిచేస్తోందని చెప్పు.

దానికి జోడీగా ఎడ్డీ మాబో కథ చెప్పు. ఆస్ట్రేలియాను బ్రిటిష్ వాళ్లు ‘ఎవరిదీ కాని నేల’ అన్న లెక్కన తీసుకున్నారు. ఆస్ట్రేలియాకు ఉత్తరాన టోరెస్ జలసంధిలోని మెర్ దీవిలో మాత్రం ఏ తోట ఎవరిది, గట్టు ఎక్కడ, తండ్రి తర్వాత ఎవరికి వస్తుంది అన్నది తరతరాలుగా అందరికీ తెలుసు. మాబో, మరి కొందరు దీవివాసులు 1982లో కోర్టుకెక్కారు. 1992 జూన్ 3న ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అన్నిటికన్నా పెద్ద కోర్టు) ‘ఎవరిదీ కాని నేల’ అన్న వాదాన్ని కొట్టేసింది. తీర్పు వినడానికి మాబో లేడు, ఆ జనవరిలోనే పోయాడు. ఇది చెప్పాక ఒక నిమిషం ఏమీ మాట్లాడకు.

తెలివిని కూడా చూపించు, బాధలొక్కటే కాదు. హోడెనోషోనీలు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేస్తారు. చిక్కుడు తీగకు మొక్కజొన్న కర్ర ఊతం, చిక్కుడు వల్ల నేలకు నత్రజని, గుమ్మడి ఆకు నీడకు తేమ ఆరదు, కలుపు లేవదు. సైన్సు టీచరును కూడా పిలుచుకో. కానీ ఈకల టోపీలు పెట్టించి డాన్సులు చేయించే పని మాత్రం వద్దు. ఒకరికి పవిత్రమైనదాన్ని ఇంకొకరికి వేషం చెయ్యకూడదు.

కెనడా రెసిడెన్షియల్ స్కూళ్ల గురించి చెప్పాల్సిందే. లక్షన్నర మందికి పైగా ఆదివాసీ పిల్లలను ఆ హాస్టల్ బడుల్లో పెట్టి, తల్లిదండ్రుల నుంచి వేరు చేసి, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. చాలామంది ఇళ్లకు తిరిగి రాలేదు. చిన్న తరగతుల్లో ‘మీ భాష మాట్లాడొద్దంటే ఎలా ఉంటుంది’ అన్న దగ్గర ఆపు. పెద్ద పిల్లలకు ఆ స్కూళ్ల మీద వేసిన నిజనిర్ధారణ కమిషన్ 2015లో ఇచ్చిన 94 సిఫారసుల్లో రెండు మూడు ఇచ్చి, ఏది ఎందుకు కావాలో చర్చించమను.

నీ క్లాసులో ఆదివాసీ బిడ్డ ఉంటే అందరి ముందు లేపి “మీవాళ్లు ఏం చేస్తారో చెప్పు” అనకు. నేను ఆ తప్పూ చేశాను. తనంతట తను చెబితే సంతోషంగా విను.

ప్రపంచం సంగతికి 2007 సెప్టెంబర్ 13 చాలు. ఆ రోజు ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల హక్కుల ప్రకటనకు 144 దేశాలు సరే అన్నాయి. వద్దన్నవి నాలుగే: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. తర్వాత ఆ నాలుగూ మనసు మార్చుకున్నాయి. అంకెలు బట్టీ పట్టించకు. ఆ నాలుగే ఎందుకు వద్దన్నాయో మ్యాప్ ముందు నిలబెట్టి అడుగు. అప్పటికి వైటాంగి, మాబో రెండూ చదివి ఉంటారు కాబట్టి వాళ్లే పట్టుకుంటారు.

వైటాంగి పాఠం ఒక్క పీరియడ్‌లో అవ్వదు. పక్క పీరియడ్ కూడా ముందే అడిగి పెట్టుకో. ఆ రెండు సారాంశాలూ నా చేత్తో రాసినవి ఈ ఉత్తరంతో పంపుతున్నాను, జిరాక్స్ తీయించుకో. ఆ రోజు పిల్లలు ఏమన్నారో తప్పకుండా రాయి.

మీ మాష్టారు