బెనిన్ ఇత్తడి శిరస్సుల ముందు నిలబడబోయే మనుమరాలికి

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

బ్రిటిష్ మ్యూజియంలోని బెనిన్ కంచు శిల్పాలను ఎలా చూడాలని అడిగావు. వీటికి పుట్టిల్లు నేటి నైజీరియాలోని బెనిన్ నగరం. బెనిన్ పేరుగల పొరుగు దేశం వేరు. కంచు అన్న పేరు స్థిరపడిపోయింది కానీ, వీటిలో ఎక్కువ భాగం ఇత్తడే. ఆ లోహంలో చాలాభాగం పోర్చుగీసు వర్తకులు తెచ్చిన మనీల్లాలనే కడియాలను కరిగించగా వచ్చినది.

నా పొరపాటు నువ్వు చేయవద్దు. మొదటిసారి వెళ్లినప్పుడు, పోతపని నేర్పిన గర్వంతో, రాజుల శిరస్సులలో పెదవుల తీరును, మెడచుట్టూ ఉన్న పగడాల వరుసలను మెచ్చుకుంటూ గంటసేపు నిలబడ్డానే తప్ప, నడినెత్తిన అంత పెద్ద రంధ్రం ఎందుకున్నదని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. చెక్కడపు పనిచేసిన ఏనుగు దంతాన్ని నిలబెట్టేది అందులోనే. కొత్తగా గద్దెనెక్కిన ఓబా, అంటే రాజు, గతించిన తండ్రి పేర పీఠం కట్టించి, దానిపై ఇలాంటి శిరస్సులను ప్రతిష్ఠించేవాడు. అక్కడ పూజలూ బలులూ జరిగేవి. కనుక అద్దాల పెట్టెలోని శిరస్సుకు మనసులోనే దంతాన్ని అమర్చి, మట్టిపీఠంపై కూర్చోబెట్టి, ఆ తరువాత చూడు. పలుచని గోడతో, మెడకు మాత్రమే పగడాల పట్టీతో ఉన్నవి పాతవని పండితుల అంచనా. పగడాలు గడ్డం దాకా పేరుకుని, బరువెక్కినవి తరువాతివి. పలుచగా పోయడమే కష్టమని మైనం పట్టిన చేతికి తెలుస్తుంది.

పనితీరు మనకు కొత్తది కాదు. మట్టిముద్దపై మైనం, దానిపై మళ్లీ మట్టి, కాల్చితే మైనం కరిగిపోయి మిగిలిన ఖాళీలోకి లోహం: ఆదిలాబాద్ ప్రాంతపు ఓజులు చేసేదీ ఇదే. బెనిన్‌లో ఇది ఇగున్ వీధి కులవృత్తి. పూర్వం ఓబా అనుమతి లేకుండా ఎవరికీ పోసేవారు కాదు. నేటికీ ఆ వీధిలో కొలుములు వెలుగుతున్నాయి.

శిరస్సులతో పాటు బొమ్మలు పోసిన ఇత్తడి ఫలకాలూ ఉంటాయి; వాటి దగ్గర బొమ్మల పరిమాణం గమనించు: ఓబా పెద్దగా, సేవకులు చిన్నగా ఉంటారు. వాటి వెనుక పరచుకున్న నాలుగు రేకుల ఆకులు నీటి దేవత ఒలోకున్ పూజకు చెందినవి.

వివరాల పలకపై 1897 అని కనిపిస్తే ఆగు. ఆ ఏడాది ఫిబ్రవరిలో బ్రిటిష్ సేన నగరాన్ని పట్టుకుని, అంతఃపురాన్ని దోచి, కొన్ని నెలల తరువాత ఓబా ఒవొన్‌రామ్‌వెన్‌ను కలబార్‌కు ప్రవాసం పంపింది. ఏ పీఠంపై ఏది ఉండేదో చాలావరకు అప్పుడే చెరిగిపోయింది. వీలైతే లండన్‌లోనే హార్నిమన్ మ్యూజియానికి కూడా వెళ్లు. అది 2022లో 72 వస్తువుల యాజమాన్యాన్ని నైజీరియాకు అప్పగించింది.

ఫొటోలతో సరిపెట్టుకోక ఒక ఫలకాన్ని పెన్సిలుతో గీసి పంపు. దాని అంచుల్లో మేకుల రంధ్రాలు కనిపిస్తాయి; అంతఃపుర స్తంభాలకు దాన్ని బిగించిన గుర్తులవి, వాటిని మరిచిపోకు.

మీ తాతయ్య