ప్రభుత్వ నివేదికను ఎక్కడి నుంచి చదవాలంటే

అమ్మాయీ,

మీ సంఘం తరఫున షాడో రిపోర్ట్, అంటే ప్రభుత్వ నివేదికకు పక్కన సంఘాలు ఐక్యరాజ్యసమితి కమిటీకి ఇచ్చే సొంత నివేదిక, రాసే పని నీకు అప్పగించారని, ప్రభుత్వ నివేదిక మొదటి పేజీ నుంచీ చదవడం మొదలుపెట్టావని రాశావు. దాన్ని కాసేపు పక్కన పెట్టు. అది వాళ్లు చెప్పదలుచుకున్న కథ. ముందు కిందటిసారి సీడా కమిటీ ఇచ్చిన సిఫార్సులు తీసుకో. సీడా అంటే మహిళలపై వివక్షను తొలగించే ఐక్యరాజ్యసమితి ఒప్పందం, 1979లో వచ్చింది. ఒప్పుకున్న దేశాలు సుమారు నాలుగేళ్లకోసారి 23 మంది నిపుణుల కమిటీకి లెక్క చెప్పుకోవాలి. ఒక్కో సిఫార్సు ఎదురుగా, ఈసారి ప్రభుత్వం ఏం రాసిందో పెట్టుకుంటూ వెళ్లు. దేనికి జవాబే లేదో ముందు అది రాసుకో. నీ రిపోర్టులో సగం సరుకు అక్కడే దొరుకుతుంది.

ఇక క్రియల మీద కన్నేసి ఉంచు. 'పరిశీలనలో ఉంది', 'చర్యలు తీసుకుంటున్నాం', 'కమిటీని నియమించాం' అనేవి తరచూ కనపడతాయి. కిందటి నివేదికలోనూ అదే బిల్లు 'పరిశీలనలో' ఉంటే, రెండు వాక్యాలనూ తేదీలతో పక్కపక్కన పెట్టి వదిలెయ్. కోపంగా విశేషణాలు చేర్చావంటే అవి చదివేవాళ్లకు నీ మీదే అనుమానం వస్తుంది.

చట్టం వచ్చిందని రాస్తే అక్కడితో ఆగిపోకు. దానికి నియమాలు వచ్చాయా, అమలు చేసే అధికారికి వేరే పని ఏమైనా ఉందా, సిబ్బంది ఉన్నారా, డబ్బు ఇచ్చారా? డబ్బు దగ్గర మరీ జాగ్రత్త. బడ్జెట్‌లో చూపించింది వేరు, ఏడాది చివరికి ఖర్చయింది వేరు. అందరికీ ఉద్దేశించిన పెద్ద పథకాన్ని మొత్తంగా మహిళల ఖాతాలో వేసి చూపించడమూ ఉంటుంది. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఐదోది స్త్రీ పురుష సమానత్వం గురించే. అందులో బడ్జెట్‌కి ఒక సూచిక ఉంది కానీ, అది కేటాయింపులను లెక్కగట్టి బయటపెట్టే ఏర్పాటు దేశంలో ఉందా అనే చూస్తుంది. ఆ డబ్బు ఎవరి చేతికి చేరిందో నువ్వే వెతకాలి.

అంకెలు తిరగేసి కూడా చదవాలి. హింస కేసులు పెరిగాయంటే హింస పెరిగిందనే కాదు, ఫిర్యాదు చెయ్యగలిగినవాళ్లు పెరిగి ఉండొచ్చు. ఎన్ని కేసులు తేలాయి, ఎంతకాలానికి తేలాయి అని అడుగు. దేశం మొత్తానికి ఇచ్చే సగటులో వికలాంగ స్త్రీలూ, మారుమూల ఊళ్లవాళ్లూ కనపడరు. వాళ్ల లెక్క విడిగా లేకపోతే, లేదనే రాయి.

చాలామంది చూడని చోటు ఇంకోటి ఉంది. ఒప్పందంపై సంతకం పెడుతూనే కొన్ని దేశాలు కొన్ని అధికరణాలు తమకు వర్తించవని మినహాయింపులు పెట్టుకున్నాయి. పెళ్లి, కుటుంబాలకు సంబంధించిన 16వ అధికరణం మీదే ఎక్కువ. ఒప్పందం మూల ఉద్దేశానికి విరుద్ధమైన మినహాయింపు చెల్లదని 28వ అధికరణం చెబుతుంది, అయినా ఏళ్లతరబడి అవి అలాగే ఉంటాయి. మీ దేశం ఏం పెట్టుకుందో చూడు. మహిళల గురించి 1995 బీజింగ్ సదస్సులో దేశాలు ఒప్పుకున్న కార్యాచరణ ప్రణాళికలో 12 అంశాలున్నాయి గానీ దానికి చట్టబద్ధమైన కట్టుబాటు లేదు. దాని కింద ప్రభుత్వం చెప్పుకునే గొప్పలను ఈ ఒప్పందం లెక్కలోకి తేనివ్వకు.

నిజంగా మంచి జరిగిన చోట మంచి అనే రాయి. నీ మిగతా మాట నమ్మడానికి అదీ ఒక కారణమే.

రిపోర్ట్ పొట్టిగా ఉండాలి. కమిటీ సభ్యులు ప్రభుత్వాన్ని నేరుగా అడగదగ్గ ప్రశ్నలు మొదటి పేజీలోనే పెట్టు. బాధితుల పేర్లు, ఊళ్లు వద్దు, ఎందుకంటే ఈ రిపోర్టులు బహిరంగంగా అందరూ చదవగలిగేలా పెడతారు.

సమీక్ష అయిపోగానే అందరూ ఇంటికెళ్లిపోతారు. కొన్ని సిఫార్సుల మీద రెండేళ్లలోపు జవాబివ్వమని కమిటీ అడుగుతుంది, ఇవ్వకపోతే శిక్షించే అధికారం దానికి లేదు. కాబట్టి ఆ తేదీ రాగానే మీ ప్రజాప్రతినిధుల చేత సభలో అడిగించాలి. ఎవరు అడుగుతారో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో. డ్రాఫ్ట్ అయ్యాక ముందు ఆ ప్రశ్నల పేజీ నాకు పంపు.

పిన్ని