మామిడి తొక్కల పొడి నల్లబడి చేదెక్కుతోందా? ఇలా చేసి చూడు

తమ్మీ, జగిత్యాలలో గుజ్జు యూనిట్ నడుపుతున్నా, తొక్కలు ఎండబెట్టి పొడి చేస్తే నల్లగా, చేదుగా వస్తోంది, పదిహేను రోజులకే బూజు పడుతోంది అని రాశావు. హన్మకొండలో మొదటి ఏడు నాకూ అచ్చం ఇదే అయింది. రెండు బస్తాలు పారబోసినప్పుడు ఏడుపొచ్చింది.

తొక్క తీయగానే దానిలోని ఎంజైములు గాలి తగిలి నలుపు తెస్తాయి. ఎండలో రెండు రోజులు పరిస్తే వాటి పని అవి చేసుకుపోతాయి. అందుకే తీసిన వెంటనే మరిగే నీళ్లలో 3 నిమిషాలు వేసి, చల్లనీళ్లలోకి మార్చు. చేదు కూడా కొంత ఆ నీళ్లలోనే దిగిపోతుంది. ముచ్చిక దగ్గర సొన ఉన్న ముక్క మాత్రం ముందే కోసెయ్యి, కొందరికి నోరు దురద పెడుతుంది.

తర్వాత డ్రయర్‌లో 55–60 డిగ్రీలు. ముక్క వంచితే పటుక్కున విరగాలి. వంగిందంటే తేమ ఉన్నట్టే, బూజు అక్కడినుంచే మొదలు. పూర్తిగా చల్లారాకే పొడి కొట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టు.

కార్బైడ్‌తో మాగబెట్టిన కాయల తొక్క అసలు ముట్టకు. అది నిషేధం, తినేది మన పిల్లలే.

బిస్కెట్లకైతే 100 గ్రాముల పిండిలో 5 గ్రాములతో మొదలుపెట్టు. పీచు బాగా చేరుతుంది, రంగు కూడా బాగుంటుంది. తొక్కలోంచి పెక్టిన్ (జామ్‌ను గట్టిపరిచే పదార్థం) విడిగా తీయడం ఇప్పుడే వద్దు; యాసిడ్, ఆల్కహాల్ ఖర్చు చిన్న యూనిట్‌కు గిట్టదు.

టెంకలు కూడా పారెయ్యకు. లోపలి జీడి కొవ్వును చాక్లెట్లలో కోకో వెన్నకు బదులు వాడతారు. వానలు పడకముందే ఆరబెట్టుకో.